సిర సన్నబడింది సరే, పీడనం ఎంత?

ఎంతకీ తగ్గని తలనొప్పికి ఎమ్మారై తీయిస్తే రిపోర్టు అడుగున ఒక్కోసారి ఒక మాట కనిపిస్తుంది: ట్రాన్స్‌వర్స్ సైనస్ ఒకవైపు, లేదా రెండువైపులా సన్నబడి ఉంది. సైనస్ అనగానే మనకు ముక్కు పక్కన ఉండే గదులు గుర్తొస్తాయి. ఇది ఆ సైనస్ కాదు. మెదడులో తిరిగిన రక్తాన్ని పోగుచేసి మెడ సిరల ద్వారా గుండెకు చేర్చే పెద్ద సిరలను వైద్యులు సైనస్‌లనే అంటారు. తల వెనక భాగంలో అడ్డంగా, చెవి వైపుకు సాగేదే ట్రాన్స్‌వర్స్ సైనస్. అది సన్నబడిందని చదవగానే ఇంటిల్లిపాదికీ గుండె స్టెంట్ గుర్తుకొస్తుంది. అక్కడ వేసినట్టే ఇక్కడా ఒకటి వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ పోలికతోనే చిక్కు మొదలవుతుంది. గుండె ధమని ఇరుకైతే కండరానికి రక్తం అందదు. మెదడు సిర ఇరుకైతే రక్తం అందడానికి లోటేమీ ఉండదు, అది బయటికి పోయే దారే బిగుసుకుంటుంది. మెదడు సిరలకు పక్కదార్లు ఎక్కువ, మనిషికీ మనిషికీ వాటి అమరిక వేరు. కాబట్టి బొమ్మలో ఇరుకు కనిపించడం వేరు, ఆ ఇరుకు హాని చేయడం వేరు. ఈ వ్యాసం చెప్పేది ఒక్కటే: సన్నబడిన సిరను చూసి చికిత్స మొదలుపెట్టకూడదు. కంటి నరం ఎలా ఉంది, ఇరుకుకు ఇటూ అటూ పీడనం ఎంత తేడాగా ఉంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలి. ఆ జవాబు స్టెంట్ వైపు చూపిస్తే మాత్రం దానికి భయపడి చూపు పోగొట్టుకోవడం కూడా తప్పే.

మెదడు, వెన్నుపాము చుట్టూ ఎప్పుడూ 150 మిల్లీలీటర్ల దాకా నీరు ఉంటుంది. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. ఊరినంతా ఎప్పటికప్పుడు పోవాలి. అందులో పెద్ద భాగం పోయేది ఈ సైనస్‌లలోకే. సైనస్ గోడలోకి పొడుచుకొచ్చిన చిన్న చిన్న బుడిపెల గుండా ఆ నీరు రక్తంలో కలుస్తుంది. అలా కలవాలంటే నీటి పీడనం సిరలోని రక్తపు పీడనం కంటే ఎక్కువ ఉండాలి. కాలవ దిగువన తూము సగం మూస్తే ఎగువ మడిలో నీరు ఎలా నిలుస్తుందో, సిరలో పీడనం పెరిగితే పుర్రెలో నీరు అలాగే నిలుస్తుంది. పుర్రె సాగదు. పెరిగిన ఒత్తిడి మెదడు నుంచి కంటి వెనక దాకా సాగే నరం తొడుగులోకి పాకుతుంది. అందుకే జబ్బు తలలో ఉన్నా, దెబ్బ తినేది కన్ను. వంగి లేచినప్పుడు ఒకటి రెండు క్షణాలు చూపుకు చీకటి కమ్మడం, గుండె కొట్టుకునే లయలో చెవిలో హోరు, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించడం, వీటన్నిటికీ తోడు తలనొప్పి. ఆ హోరుకు ఒక గుర్తు ఉంది. అదే వైపు మెడ మీద సిరను తేలిగ్గా నొక్కితే చాలామందికి అది ఆగిపోతుంది. చెవి డాక్టరు చెవి బాగుందని పంపేసిన రోగిలో ఆ ఒక్క పరీక్ష దారి చూపించగలదు.

ఈ జబ్బు పేరు మారిన తీరులోనే వైద్యం దాన్ని ఎలా తప్పుగా అంచనా వేసిందో తెలుస్తుంది. 1904లో జర్మన్ వైద్యుడు మాక్స్ నోనె దీన్ని ఉత్తుత్తి కణితి అనే అర్థంలో సూడోట్యూమర్ సెరిబ్రి అన్నాడు. కణితి ఉన్నప్పటి లక్షణాలన్నీ ఉంటాయి, కణితి ఉండదు. 1937లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 22 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. ఇవాళ్టి నిర్ధారణ నియమాలకు మూలం అదే. 1955లో జాన్ ఫోలీ దీన్ని నిరపాయకరమైనదని అర్థం వచ్చే బినైన్ అన్న మాటతో పిలిచాడు. ప్రాణం పోదు కనుక ఆ మాట నిలిచిపోయింది. కానీ 1982లో జేమ్స్ కార్బెట్ బృందం 5 నుంచి 41 ఏళ్ల పాటు గమనించిన 57 మంది రోగుల సంగతి బయటపెట్టినప్పుడు, వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఒక కంట్లోనో రెండు కళ్లలోనో చూపు తీవ్రంగా దెబ్బతిన్నట్టు తేలింది. చూపు తీసే జబ్బును నిరపాయకరం అనడం రోగికి చేసే అన్యాయం. ఇప్పుడు వాడే పేరు ఐఐహెచ్, అంటే కారణం తెలియకుండా పుర్రె లోపల పీడనం పెరగడం. 20 నుంచి 45 ఏళ్ల లోపు, బరువు ఎక్కువగా ఉన్న ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. మగవాళ్లకు అరుదు. వచ్చినప్పుడు మాత్రం వాళ్ల చూపు తీవ్రంగా దెబ్బతినే అవకాశం ఆడవాళ్ల కంటే రెట్టింపు.

సిర సన్నబడటానికీ ఈ జబ్బుకూ లంకె ఎక్కడ కుదిరింది? 1995లో ఆస్ట్రేలియాలో కింగ్, మిచెల్ బృందం ఐఐహెచ్ రోగుల మెదడు సిరల్లోకి సన్నటి గొట్టం పంపి పీడనం కొలిచింది. ట్రాన్స్‌వర్స్ సైనస్‌లో ఒకచోట పీడనం ఒక్కసారిగా పడిపోవడం కనిపించింది. ఇరుకుకు ఎగువన ఎక్కువ, దిగువన మామూలు. 2003లో టొరంటోకు చెందిన రిచర్డ్ ఫార్బ్ బృందం మెరుగైన ఎమ్మారై పద్ధతితో 29 మంది రోగులనూ, జబ్బు లేని 59 మందినీ పోల్చింది. రోగుల్లో 27 మందికి రెండువైపులా ఇరుకు ఉంది. జబ్బు లేనివాళ్లలో నలుగురికే ఉంది. ఇంత స్పష్టమైన తేడా వైద్యంలో తరచుగా దొరకదు. అందుకే సిర సన్నబడటమే జబ్బుకు మూలమని చాలామంది అనుకున్నారు. కానీ ఆలోపే, 2002లో, అదే కింగ్ బృందం ఇంకో పని చేసింది. సిరలో పీడనం కొలుస్తూనే మెడ దగ్గర నుంచి కొద్దిగా మెదడు నీరు తీసింది. నీరు తీయగానే సిరలో పీడనం పడిపోయింది. అంటే సిరను బయటి నుంచి నొక్కుతున్నది ఆ నీటి ఒత్తిడే. ఇరుకు కారణం కాదు, ఫలితం.

విత్తు ముందా, చెట్టు ముందా అన్న చర్చ ఇరవై ఏళ్లుగా సాగుతూనే ఉంది. నా అభిప్రాయంలో రెండు వైపులా సగం నిజమే పట్టుకున్నారు. సైనస్ గోడ కొంతచోట్ల మెత్తన. ఏ కారణంతోనైనా నీటి ఒత్తిడి పెరిగితే అది గోడను నొక్కుతుంది. నొక్కుడుకు సిర సన్నబడితే ఎగువన రక్తం పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే నీరు రక్తంలోకి పోలేక ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలయ్యాక ఈ చక్రం తనను తానే తిప్పుకుంటుంది. కాబట్టి ఇరుకు ఫలితమే అయినా, దాన్ని విప్పితే చక్రం ఎక్కడో ఒకచోట తెగుతుంది. నీరు తీసినా తెగుతుంది, బరువు తగ్గినా తెగుతుంది, స్టెంట్ వేసినా తెగుతుంది. ఇవన్నీ పనిచేస్తున్నాయంటే దానికి కారణం ఇదే. ఫలితానికి చికిత్స చేయడమేమిటన్న అభ్యంతరం వినడానికి బాగుంటుంది గానీ, చక్రం మీద అది నిలవదు. అయితే అందరి ఇరుకూ ఒక్క రకం కాదు. కొందరిలో పైన చెప్పిన బుడిపె ఒకటి పెద్దదై సిర లోపలే అడ్డు పడుతుంది. అది నీరు తీసినంత మాత్రాన పోదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. 2016లో అమెరికాలో ఒక బృందం వేరే కారణాలతో స్కాన్ చేయించుకున్న 355 మంది బొమ్మలు చూసింది. వాళ్లలో మూడో వంతు మందికి ట్రాన్స్‌వర్స్ సైనస్ ఎంతో కొంత సన్నగానే ఉంది. ఎక్కువ మందిలో ఒకవైపే. చాలామందిలో ఎడమ సైనస్ పుట్టుకతోనే సన్నం, కుడివైపుదే పెద్ద కాలవ. దానికి తోడు, చికిత్సతో నీటి పీడనం మామూలు స్థాయికి వచ్చాక కూడా స్కాన్‌లో ఇరుకు అలాగే ఉండిపోయిన రోగులున్నారు. ఇరుకు ఎంత ఎక్కువైతే జబ్బు అంత తీవ్రం అన్న లెక్క కూడా నిలవలేదు. ఇన్ని తెలిశాక రిపోర్టులోని ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఎవరినైనా ఆపరేషన్ గదికి పంపడం ఎలా సమర్థించగలం?

అందుకే నిర్ధారణ స్కాన్‌తో మొదలవకూడదు, కంటితో మొదలవాలి. చుక్కల మందు వేసి కంటిపాప విప్పార్చి లోపలికి చూస్తే, వెనక గోడ మీద నరం వచ్చి చేరే చోటు గుండ్రంగా, అంచు గీసినట్టు కనిపించాలి. పీడనం పెరిగినప్పుడు ఆ అంచు చెరిగిపోతుంది. నరం ఉబ్బి ముందుకు వస్తుంది, దాని మీదుగా పోయే సన్నటి రక్తనాళాలు వాపులో అక్కడక్కడా మునిగి మాయమవుతాయి. ఈ ఒక్క దృశ్యం విలువ పది స్కాన్ల కంటే ఎక్కువ. దాన్ని తప్పుగా చదివితే ఏమవుతుందో కూడా తెలుసు. 2016లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ఐఐహెచ్ ఉందన్న ముద్రతో పెద్ద ఆసుపత్రికి వచ్చినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఆ జబ్బే లేదని తేలింది. ఎక్కువ పొరపాట్లు కంటి లోపలి పరీక్షను తప్పుగా చదవడం వల్ల జరిగినవే. అనవసరంగా వెన్ను సూదులు, అనవసరంగా మందులు.

కన్ను చెప్పాక వెతకాల్సినవి ఇంకా ఉన్నాయి. బీపీ చూడాలి, విపరీతంగా పెరిగిన బీపీ కూడా నరాన్ని ఉబ్బిస్తుంది. సిరల స్కాన్ తప్పనిసరి, అయితే ఇరుకు కోసం కాదు, ముందుగా గడ్డ కోసం. మెదడు సిరలో రక్తం గడ్డకట్టడం మన ప్రాంతంలో అరుదైన సంగతి కాదు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో 428 మంది అలాంటి రోగుల వివరాలు ప్రచురించారు. సగటు వయసు ముప్పై చిల్లర, సగానికి పైగా మగవాళ్లు. కారణాల్లో రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ పెరగడం ముందు వరసలో ఉన్నాయి, కాన్పు తరవాతి రోజులూ ఉన్నాయి. గడ్డ ఉంటే వైద్యం రక్తం పలచబరచే మందులతో. దాన్ని ఇరుకనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తహీనత సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది గడ్డ కట్టకపోయినా కంటి నరం వాపు తేగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అలాంటి చోట రక్తపరీక్ష చేయకుండా స్టెంట్ మాట ఎత్తడం తొందరపాటే. మందుల జాబితా కూడా అడగాలి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్, మోతాదు మించిన విటమిన్ ఏ, ఇవన్నీ పీడనం పెంచగలవు. మొటిమల మందు వాడుతున్న సంగతి తలనొప్పి డాక్టరుకు చెప్పాలని ఎవరికి తడుతుంది? డాక్టరే అడగాలి.

గడ్డ లేదు, కణితి లేదు అని స్కాన్ చెప్పాకే వెన్నులో సూది. రోగి పక్కకు తిరిగి పడుకోవాలి, కాళ్లు మరీ ముడవకుండా, ఊపిరి బిగబట్టకుండా. సూదికి అమర్చిన గాజు గొట్టంలో నీరు మెల్లగా ఎక్కి, ఊపిరితో పాటు కొద్దిగా పైకీ కిందికీ ఆడుతూ ఒకచోట నిలుస్తుంది. పెద్దవాళ్లలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ. కూర్చోబెట్టి కొలిచినా, భయంతో రోగి బిగుసుకున్నా ఆ అంకె తప్పుతుంది. తప్పు అంకె మీద కట్టిన చికిత్స అంతా తప్పే అవుతుంది. ఆ నీరు తీస్తే తలనొప్పి కొంతసేపు తగ్గినా, గంటకు 20 మిల్లీలీటర్ల పైన ఊరే ద్రవం ఎంతసేపు ఆగుతుంది? పదేపదే సూదితో నీరు తీయించుకోవడం చికిత్స కాదు.

చికిత్సలో మొదటి స్థానం బరువుది. ఈ మాట విని రోగులు నొచ్చుకుంటారు. జబ్బుకు తమనే తప్పు పడుతున్నట్టు వాళ్లకు అనిపిస్తుంది. ఆ బాధ న్యాయమైనదే, కానీ ఆధారాలు గట్టివి. బ్రిటన్‌లో 66 మంది ఆడవాళ్లతో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. సగం మందికి బరువు తగ్గించే శస్త్రచికిత్స, మిగతా సగానికి ఆహార నియమాల కార్యక్రమం. రెండేళ్ల తరవాత శస్త్రచికిత్స జరిగినవాళ్లలో నీటి పీడనం రెండో గుంపు కంటే 8.2 సెంటీమీటర్లు తక్కువ ఉంది. జబ్బు మూలాన్ని తాకినట్టు ఇంత గట్టిగా రుజువైన చికిత్స మరొకటి లేదు. మందుల్లో ఎసిటజోలమైడ్ ముఖ్యం, మన మందుల షాపుల్లో డయామాక్స్ పేరుతో దొరికేది. 2014లో అమెరికాలో ప్రచురితమైన 165 మంది పరీక్షలో, అందులో 161 మంది ఆడవాళ్లే, ఆహార నియమాలతో పాటు ఈ మందు వాడినవాళ్ల చూపు పరిధి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ల కంటే మెరుగుపడింది. తేడా పెద్దది కాదు, నిజమైనది. వేళ్లు తిమ్మిరెక్కడం, నోట్లో రుచి మారడం లాంటివి ముందే చెబితే రోగులు మందు మానేయరు. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. ఆ పరీక్షలో చేరినవాళ్లందరికీ చూపు నష్టం స్వల్పమే. చూపు వారాల్లో జారిపోతున్నవాళ్లకు ఆరు నెలలు బరువు తగ్గమని చెప్పడం వైద్యం అనిపించుకోదు.

స్టెంట్‌కు చోటు దొరికేది అక్కడే. 2002లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో నికొలస్ హిగ్గిన్స్ బృందం మొదటిసారి ఒక రోగికి ఇలా స్టెంట్ వేసి లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. మరుసటి ఏడు వాళ్లే 12 మంది ఫలితాలు చెప్పారు: ఐదుగురికి పూర్తిగా నయం, ఇద్దరికి మెరుగు, ఐదుగురికి ఏ మార్పూ లేదు. విఫలమైన ఐదుగురినీ దాచకుండా చెప్పిన ఆ నివేదికను నేను చాలా గౌరవిస్తాను. ఎవరికి పని చేస్తుందో ముందే ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్న అక్కడి నుంచే గట్టిగా లేచింది. దానికి ఇప్పుడున్న జవాబు పీడనం కొలత. తొడ దగ్గర సిరలో నుంచి సన్నటి గొట్టాన్ని మెడ దాటించి మెదడు పైభాగపు సైనస్ దాకా పంపుతారు. అక్కడి నుంచి మెల్లగా వెనక్కి లాగుతూ ఒక్కోచోటా ఆగి అంకె రాసుకుంటారు. పైన 24 అనుకోండి, కాస్త కిందా 24, ఇరుకు ముందు 23, ఇరుకు దాటగానే 11. ఆ ఒక్క అడుగులో పడిపోయిన 12 మిల్లీమీటర్ల పాదరస పీడనమే జవాబు. 8 లేదా అంతకు మించి తేడా ఉంటే స్టెంట్ గురించి ఆలోచించవచ్చని ఎక్కువ కేంద్రాలు అనుసరిస్తున్నాయి. స్కాన్‌లో ఎంత ఇరుకున్నా, 23 కాస్తా 22 అయితే ఆ సిర నిర్దోషి. ఈ కొలత రోగి మెలకువగా ఉన్నప్పుడే తీసుకోవడం మేలు. మత్తు మందులు, మత్తులో మారే ఊపిరి ఆ అంకెలను తారుమారు చేస్తాయి.

ఫలితాల సంగతి. 2019లో 24 అధ్యయనాల్లోని 474 మంది రోగులను కలిపి చూసిన సమీక్షలో కంటి నరం వాపు దాదాపు 94 శాతం మందిలో తగ్గింది, చెవిలో హోరు 90 శాతం మందిలో, తలనొప్పి 80 శాతం మందిలో. దాదాపు 10 శాతం మందికి లక్షణాలు తిరిగి వచ్చాయి. పెద్ద ప్రమాదాలు 1.9 శాతం. చూడటానికి బాగున్న అంకెలే. కానీ ఇవన్నీ ఒక గుంపుకు స్టెంట్ వేసి, ఇంకో గుంపుకు వేయకుండా చీటీ తీసి పోల్చినవి కావు. ఎవరికి బాగుపడుతుందనిపించిందో వాళ్లకే వేశారు. తలనొప్పి తనంతట తాను హెచ్చుతగ్గులయ్యేది, తగ్గుతుందన్న నమ్మకంతో కూడా కొంత తగ్గేది. కాబట్టి తలనొప్పి అంకెను నేను సగమే నమ్ముతాను. నరం వాపు అంకెను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే నమ్మకంతో నరం వాపు దిగదు. ఆ పైన రెండో మాట: స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ మింగాలి. ఆ కాలంలో చూపు మళ్లీ జారి షంట్, అంటే మెదడు నీటిని బయటికి మళ్లించే గొట్టం, వేయాల్సొచ్చినా, గర్భం వచ్చినా, వైద్యులకు చేతులు కట్టేసినట్టవుతుంది. రోగుల్లో ఎక్కువమంది పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు కనుక ఇది పక్కన పెట్టే మాట కాదు. స్టెంట్ అంచు పక్కనే సిర మళ్లీ సన్నబడటమూ ఉంది. షంట్ ఏమీ మేలు కాదనేవాళ్లకు ఒక న్యాయం ఉంది. అది తరచుగా మూసుకుపోతుంది, మళ్లీ మళ్లీ ఆపరేషన్ కావాలి. అయినా రోజుల్లో చూపు పోతున్నప్పుడు వెంటనే పీడనం దించడంలో షంట్‌కు ఉన్న అనుభవం స్టెంట్‌కు ఇంకా లేదు. బ్రిటన్ నిపుణులు 2018లో రాసిన మార్గదర్శకాలు కూడా స్టెంట్ పాత్ర ఇంకా స్థిరపడలేదనే చెప్పాయి.

చీటీ తీసి పోల్చే పరీక్ష జరిగేదాకా ఆగాలా, ఈలోపు రోగులు ఎందుకు నష్టపోవాలి అని అడిగేవాళ్లకు సిరల చరిత్రలోనే ఒక జవాబుంది. 2009లో ఇటలీలోని ఫెర్రారాకు చెందిన పావోలో జాంబోని, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు మెడ సిరలు సన్నబడటమే కారణమన్నాడు. బెలూన్‌తో వాటిని విప్పితే జబ్బు తగ్గుతుందన్నాడు. కెనడా నుంచి వేలమంది రోగులు ఆ చికిత్స కోసం విదేశాలకు వెళ్లారు. మరణాలు, జారిపోయిన స్టెంట్ల గురించి 2012లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తరవాత చీటీ తీసి చేసిన పరీక్షల్లో, జాంబోని స్వయంగా నడిపిన పరీక్షలో సహా, ఏ మేలూ కనిపించలేదు. ఐఐహెచ్ దానితో సమానం కాదు. ఇక్కడ పీడనం కొలవగలం, కంటి నరం దిగడం చూడగలం, ఇరుకు విప్పగానే నీటి పీడనం పడటం చూశాం. కానీ పాఠం మాత్రం ఒకటే. బొమ్మలో సిర సన్నగా కనిపించిందన్న ఒక్క కారణంతో రోగుల ఆశను ఆపరేషన్ బల్ల దాకా తీసుకుపోకూడదు.

నా తీర్పు ఇది. నరం వాపు లేకుండా కేవలం తలనొప్పి ఉన్నవాళ్లకు, సిర ఎంత సన్నగా ఉన్నా, స్టెంట్ వద్దు. వాపు ఉండి చూపు నిలకడగా ఉన్నవాళ్లకు బరువు, మందు, నెలనెలా చూపు పరిధి కొలత. మందు పడకపోయినా, మందు వాడుతున్నా చూపు మెల్లగా జారుతున్నా, మెలకువలో కొలిచిన పీడనం తేడా 8 దాటితే, అప్పుడు స్టెంట్ న్యాయమైన చికిత్స. అలాంటివాళ్లకు దాన్ని నిరాకరించడం కూడా హానే. మీ రిపోర్టులో గానీ మీ ఇంట్లోవాళ్ల రిపోర్టులో గానీ ఆ వాక్యం ఉంటే, ఆ కాగితం పట్టుకుని ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంటిపాప విప్పార్చి నరం చూడమని అడగండి. ఎవరైనా స్టెంట్ అంటే, ఇరుకుకు ఇటూ అటూ పీడనం కొలిచారా, తేడా ఎంత వచ్చింది అని అడిగి ఆ అంకె రాయించుకోండి.